కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు వృక్షోద్యానము : అందు రైతు చూడదగిన విశేషములు

తోట యనగానే మనకు మామిడితోటయో, నిమ్మతోటయో, అరటితోటయో తలపునకు వచ్చును. కోసి అమ్ముకొనుటకుగాని, ఇంటిలో వాడుకొనుటకుగాని పనికిరాని చెట్లను వందలకొలది పెంచి, వానికి నీరుపోసి, కావలి పెట్టుట వ్యర్థవ్యయమని రైతు తలచుట సహజము. అయినను పంటకొఱకుగాక విద్యకొఱకే పెంచబడు తోటలు లోకమున పెక్కు కలవు. వానిని వృక్షశాస్త్రోద్యానము లందురు. ఇటలీ దేశమున పాదువా విశ్వవిద్యాలయమువారు 1545వ సంవత్సరమున స్థాపించిన తోట నాటినుండి నేటివరకు ఆ స్థలముననే నిలిచియున్నది. తరువాత యూరపుఖండమునందలి అనేక విశ్వవిద్యాలయము లట్టి తోటలను పెట్టినవి.

అట్టివానిలో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు తోటను గూర్చి యిచట వ్రాయుచున్నాము. దీనికంటె పాతవియు గలవు, పెద్దవియు గలవు. అయినను దీనినే యెన్నుకొనుటకు కారణ మొకటి కలదు. ఈ తోటను నెలకొల్పిన పండితుడు చెట్ల పేర్లను చెప్పి యూరకుండినవాడు కాడు. పల్లెలో కాపురముండి, రైతులతో కలసి ఎరువులను, తెగుళ్లను పరీక్షించినవాడు. ఈ తోటనుండియు, దీనిచుట్టు పెరిగిన విద్యనుండియు వెలువడిన విషయములు నేటికిని మన పొలములలో ప్రత్యక్షముగా పనిచేయుచున్నవి. కావున సంఘసభ్యులు ఈ తోటను రైతుకన్నులతో నొకసారి చూచుట లాభకరము.

తోట చరిత్ర

కేంబ్రిడ్జి పట్టణము లండనునకు ఉత్తరముగా సుమారు ఏబదిమైళ్ల దూరమున నున్నది. ఇచట మొదటి తోట 1762లో ట్రినిటీ కళాశాలకు చెందిన రిచర్డు వాకరు అను నాతని దాతృత్వమున ఏర్పడినది. దాని వైశాల్యము అయిదెకరములు మాత్రమే. అది ముఖ్యముగా ఔషధపు మొక్కల తోట. వైద్యము నేర్చు విద్యార్థులకు మూలికలను గుర్తించుట నేర్పుటయే దాని ప్రయోజనము. పట్టణమధ్యమున నుండుటచే అది పెరుగుటకు చోటులేక, పెద్దవృక్షములు నాటుటకు వీలులేక యుండెను.

1825లో జాన్ స్టీవెన్సు హెన్‌స్లో అను నతడు విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడయ్యెను. ఔషధములు మాత్రమేగాక సమస్తవృక్షజాతియు అధ్యయనము చేయదగినదే యని అతని మతము. అతని ప్రోద్బలమున 1831లో విశ్వవిద్యాలయము పట్టణమునకు దక్షిణమున 38 ఎకరముల భూమిని సంపాదించెను. అయితే ద్రవ్యాభావముచేతను, ఇతర చిక్కులచేతను పదునైదేండ్లు పని సాగలేదు. తుదకు 1846 నవంబరు 2వ తేదీన విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షుడు ఒక లిండెన్ వృక్షమును నాటి తోటను ప్రారంభించెను. అప్పుడును భూమిలో పడమటి సగమునే తోటగా చేయగలిగిరి. తూర్పుభాగము నూరేండ్లదాక కౌలుతోటలుగా నుండి, రెజినాల్డు కోరీ అను దాత వ్రాసియిచ్చిన ఆస్తివలన 1950 ప్రాంతముల తరువాత వృద్ధిపొందెను. ఒక తరమువారు నేల సంపాదింపగా, రెండవ తరమువారు చెట్లు నాటగా, మూడవ తరమువారు తక్కిన సగము పూర్తి చేసిరి. నేడు ఈ తోట వైశాల్యము సుమారు 40 ఎకరములు. అందు ఎనిమిదివేలకు పైబడిన వృక్షజాతులు కలవు. ప్రవేశరుసుము చెల్లించి ఎవ్వరైనను చూడవచ్చును.

ఒకే జాతి, పలు రూపములు

పడమటి ద్వారమునుండి తూర్పుగా పోవు పెద్దదారికి ఇరుప్రక్కల ఆకాశమునంటు సూదియాకు వృక్షము లున్నవి. వానిలో నల్లపైను అను జాతి చెట్లను హెన్‌స్లో బుద్ధిపూర్వకముగా నాటించెను. జాతి యొక్కటియే. అయినను యూరపునందలి వేర్వేరు ప్రాంతములనుండి తెప్పించినవి యగుటచే ఒకటి నిటారుగా ఒంటికాండముతో పెరిగినది, మఱియొకటి కొమ్మలు విచ్చి గుబురుగా పెరిగినది. ఒకే నేలలో ఒకే వానకు పెరిగిన చెట్లు ఇట్లేల భేదించినవని శిష్యు లాలోచింపవలయుననియే ఆచార్యుని తలంపు.

ఆ శిష్యులలో నొకడు చార్లెస్ డార్విను. 1831లో బీగిల్ అను నావపై భూప్రదక్షిణమునకు ప్రకృతిపరిశోధకు డొకడు కావలసివచ్చినప్పుడు హెన్‌స్లో ఈ యువకునే సిఫారసు చేసెను. దాదాపు అయిదేండ్ల ప్రయాణములో డార్విను పంపిన మొక్కలు గురువునకే చేరినవి. అవి యెండబెట్టి కాగితములకంటించిన రూపమున నేటికిని కేంబ్రిడ్జిలో భద్రముగా నున్నవి. పది లక్షలకు మించిన ఆ యెండుమొక్కల భాండారము, 2011లో తోట యావరణలో తెరువబడిన సెయిన్స్‌బరీ ప్రయోగశాల భవనమున నుంచబడినది.

జాతిలోని భేదమును మన రైతు ఎఱుగనివాడు కాడు. ఒకే కందిచేనిలో ముందు పూచు మొక్కయు, వెనుక పూచు మొక్కయు కనబడును. వేరుసెనగలో ఒక మొక్క తిక్కతెగులునకు ఆకులన్నియు రాల్చును, ప్రక్కమొక్క పచ్చగా నుండును. ఈ భేదమే నూతనవిత్తనములకు మూలధనము. చేనంతయు ఒక్కతీరుగా నుండవలెనని కోరుట అమ్మకమునకు మంచిదే. కాని ఎక్కడనో ఒకచోట ఈ భేదములన్నియు భద్రపరుపబడకున్నచో, తెగులు వచ్చిననాడు వెదకుకొనుటకు ఏమియు మిగులదు.

కుటుంబముల మళ్లు

ఈ తోటలో రైతు ముఖ్యముగా నిలిచి చూడవలసినది వర్గీకరణపు మళ్లు. మొదటి తోటాధికారియైన ఆండ్రూ మఱ్ఱే 1845లో వీనిని రూపకల్పన చేసెను. నూటయేబదికి పైగా మళ్లలో సుమారు ఎనుబది కుటుంబములకు చెందిన పదునారువందల జాతుల మొక్కలు కలవు. నడుమ గ్రుడ్డుగా పెంచిన కంచెలోపల ఏకదళబీజములు, దాని వెలుపల నలుదిక్కుల ద్విదళబీజములు నాటియున్నారు. ఒక పెద్ద శాస్త్రగ్రంథములోని క్రమము నేలపై పరచి చూపినట్లుండును. చదువురానివాడును నడచుచు దానిని చదువుకొనవచ్చును.

ఏకదళబీజమనగా గింజ రెండుబద్దలుగా చీలనిది. వరి, జొన్న, మొక్కజొన్న, సజ్జ, రాగి, చెఱకు ఇట్టివి. ద్విదళబీజమనగా బద్దలుగా విడునది. కంది, పెసర, మినుము, సెనగ, ప్రత్తి, వేరుసెనగ మున్నగున వీ తెగవి. పప్పు విసరు మన యిల్లాండ్రకు ఈ భేదము తెలిసినదే. శాస్త్రజ్ఞు డీ భేదమునే పట్టుకొని ఆకు ఈనెలను, వేరును, పువ్వు ఱేకులను పరిశీలించి పెద్దవంశవృక్షమును కట్టెను.

ఈ కుటుంబజ్ఞానము రైతున కేమి పనికివచ్చునన్న, మూడు ఉదాహరణములు చెప్పవచ్చును.

మొదటిది వంగకుటుంబము. వంగ, టమాట, మిరప, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త ఇవన్నియు ఒక కుటుంబము. పువ్వును విప్పి చూచిన పోలిక తెలియును. బంధువు లగుటచే వీనికి రోగములును చాలవరకు ఉమ్మడివే. టమాటచేను ఎండుతెగులుచే పోయినచోట మరుసటి కారున వంగ నాటుట, నిప్పు ఆరకముందే అదే చోట గడ్డివామి వేయుటవంటిది. నేలలోని సూక్ష్మజీవి క్రొత్తపైరును వెదకుకొననక్కరలేక ఉన్నచోటనే బంధువును పొందును. అట్టిచోట జొన్నయో మొక్కజొన్నయో వేసి కుటుంబమును మార్చుట మేలు.

రెండవది ప్రత్తికుటుంబము. బెండ, గోగు, తుత్తురబెండ ప్రత్తికి దాయాదులు. ప్రత్తికాయను తొలుచు మచ్చలపురుగు బెండకాయనుగూడ తొలుచును. పిండినల్లి గట్టుమీది తుత్తురబెండపై కాలక్షేపము చేసి, ప్రత్తి మొలవగానే చేనిలోనికి దిగును. గట్టు శుభ్రము చేయుట అందముకొఱకు కాదని ఇందువలన తెలియును.

మూడవది చిక్కుడుకుటుంబము. కంది, సెనగ, పెసర, మినుము, వేరుసెనగ, జనుము, జీలుగ ఇందలివి. వీని వేళ్లపై బుడిపెలుండును. వానిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఆహారముగా మార్చును. మన పూర్వులు జొన్నలో కందిని సాళ్లుగా కలిపి వేయుటయు, వరికి ముందు జీలుగ దున్నుటయు ఈ రహస్యమును అనుభవమున నెఱిగియే. సూక్ష్మజీవి పేరు వారికి తెలియకపోయినను పని తెలిసియుండెను.

చెట్టునకు చీటీ

తోటలో ప్రతిచెట్టుకడను, ప్రతిమడికడను ఒక చీటీ కలదు. అందు శాస్త్రీయనామము, కుటుంబనామము, జన్మస్థలము వ్రాసియుండును. శాస్త్రీయనామములు లాటిను భాషలో నుండుటచే మనకు వింతగా తోచును. అయినను వాని యవసరము గొప్పది. ఒకే మొక్కను ఒక జిల్లాలో ఒకపేరను, మఱియొక జిల్లాలో వేఱొకపేరను పిలుతురు. ఒకే పేరున రెండు వేర్వేరు మొక్కలు చలామణి యగుటయు కలదు. మందుల విషయమునను, విత్తనముల విషయమునను ఈ గందరగోళము ప్రాణహాని, ధనహాని కలిగించును. లోకమంతటను ఒక మొక్కకు ఒకే పేరు నిలుపుట ఆ హానిని తప్పించుటకే.

ఆ లాటినుపేళ్లలో మన భాషయు కొంత చేరియున్నదని చెప్పుట సంతోషకరము. పదునెనిమిదవ శతాబ్దాంతమున సామర్లకోటలో తోట వేసి, మన తీరపు మొక్కలను వర్ణించిన విలియము రాక్సుబరో అను వైద్యుడు వానికి తెలుగుపేళ్లనుగూడ వ్రాసియుంచెను. మన అడవులందలి సోమిదచెట్టు శాస్త్రీయనామము నేటికిని సోయ్మిడా అనియే. పేరు చెప్పిన పల్లెవాని పేరు పుస్తకమున లేదు. అతడు చెప్పిన మాట మాత్రము లోకమంతటి పుస్తకములలో నిలిచినది.

కాలానుక్రమపు మడి యని మఱియొకటి కలదు. పొడవైన సన్నని మడిలో, ఏ మొక్క ఏ కాలమున ఆ దేశమునకు వచ్చెనో ఆ వరుసను నాటియున్నారు. ఇట్టి మడి మనదేశమున వేసినచో మిరప, టమాట, వేరుసెనగ, పొగాకు, మొక్కజొన్న, జామ, బొప్పాయి అన్నియు అమెరికాఖండమునుండి గడచిన అయిదువందల యేండ్లలో వచ్చినవని చూచి మనవారు ఆశ్చర్యపడుదురు. మిరపలేని కాలమున మన పచ్చళ్లకు కారము మిరియములే. నేడు మన గుంటూరుసీమకు పేరు తెచ్చిన పంట ఒకనాడు పరదేశపు వింతమొక్క. క్రొత్తపంట యనగానే పెదవి విరుచుటగాని, పరీక్షింపక నమ్ముటగాని తగదని ఈ మడి బోధించును.

అంటు కట్టిన చరిత్ర

1954లో ఈ తోటయందు ఒక ఆపిలుచెట్టు నాటబడెను. ఐజాకు న్యూటను పండితుని స్వగ్రామపు తోటలో నుండిన చెట్టునుండి అంటుల పరంపరగా వచ్చిన చెట్టది. పండు రాలుట చూచి భూమ్యాకర్షణమును గూర్చి అతడు ఆలోచించెనను ప్రసిద్ధి ఆ చెట్టునకు చెందినదే. కేంబ్రిడ్జిలోని యీ చెట్టు వేరులను ఒక శిలీంద్రము పట్టి బలహీనపరుపగా, 2022 ఫిబ్రవరి 18వ తేదీన వీచిన పెనుగాలికి నేలకూలెను. అయితే ఉద్యానపాలకులు ముందుచూపుతో దాని కొమ్మలను తీసి వేఱు మొదళ్లపై అంటుకట్టి యుంచిరి. చెట్టు పోయినను దాని వంశము పోలేదు.

బంగినపల్లి మామిడి మన సీమ నిలిచియున్నది ఈ పద్ధతిచేతనే. టెంక నాటిన తల్లిగుణము తప్పును, అంటు కట్టిన తప్పదు. కావున ఊరిలో ఒకటి రెండు మాత్రమే మిగిలిన మేలైన మామిడియో, చింతయో, పనసయో యున్నచో, అది పడిపోయిన తరువాత విచారించుటకంటె ముందే అంటుకట్టి రెండుమూడు చోట్ల నాటించుట తెలివి. ఇది ఖర్చుతో కూడిన పనికాదు, జ్ఞాపకముంచుకొనవలసిన పని.

వానకొలత, వేడికొలత

ఈ తోటలో వర్షమును, ఉష్ణమును ప్రతిదినము కొలిచి వ్రాయుట నూరేండ్లకు పైగా జరుగుచున్నది. కేంబ్రిడ్జిసీమ ఇంగ్లండునందు మిక్కిలి తక్కువ వానపడు ప్రాంతములలో నొకటి. సాలీనా సుమారు 22 అంగుళములు మాత్రమే. ఇది మన అనంతపురపు వానకు దాదాపు సమానము. అయితే అచట ఎండ తక్కువ, వాన పండ్రెండునెలలకు పంచిపెట్టినట్లు పడును. ఇచట ఆ వానయే కొన్ని దినములలో కురిసి, తక్కినకాలము నేల ఎండును. వాన యెంత పడినదనుదానికంటె ఎప్పుడు పడినదనుటయు, ఎంత నిలిచినదనుటయు ముఖ్యమని ఈ పోలికవలన తెలియును. నీరు పోయకయే పెరుగు మొక్కలతో ఇచట ప్రత్యేకముగా ఒక మెట్టతోటను వేసి ప్రజలకు చూపుచున్నారు.

2019 జూలై 25వ తేదీన ఈ తోటలో 38.7 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నమోదయ్యెను. అంతవరకు ఆ రాజ్యమున అంతటి వేడి యెన్నడును నమోదు కాలేదు. మూడేండ్లు తిరుగకముందే, 2022 జూలై 19వ తేదీన కోనింగ్స్‌బీ అనుచోట 40.3 డిగ్రీలకు చేరి ఆ లెక్కను మించెను. మన వేసవికి ఇది వింతగాదు. చలిదేశమున ఇట్టి వేడి కలుగుట మాత్రము కాలము మారుచున్నదనుటకు నిదర్శనము. నిన్నటి లెక్క వ్రాసియుంచినవారికే నేటి మార్పు తెలియును. జ్ఞాపకముపై ఆధారపడినవాడు ప్రతియేడును ఇంతటి ఎండ నెన్నడెఱుగమనియే చెప్పును.

ఆచార్యుడు, రైతులు

హెన్‌స్లో 1837లో సఫోకు జిల్లాలోని హిచ్చము అను పల్లెకు మతాచార్యుడుగా నియమింపబడి, కొలదికాలమునకు అచటనే స్థిరనివాస మేర్పరచుకొనెను. ఆ పల్లెయందు బీదరికము మెండు, చదువు తక్కువ. అతడు బడి పెట్టించి పిల్లలకు చుట్టుపట్ల మొక్కలతోనే వృక్షశాస్త్రము నేర్పెను. కూలివారికి సాగుకై చిన్నచిన్న తుండ్లుగా భూమిని ఇప్పించెను. కూలివాడు తన తుండును చూచుకొని మా పని మానునని పెద్దరైతులు దీని నెదిరించిరి. అయినను అతడు వెనుదీయలేదు.

1843లో ఒక స్థానికపత్రికలో అతడు సఫోకు రైతులకు వరుసగా లేఖలు వ్రాసెను. వానిలో ఒక ప్రయోగమును సూచించెను. పెంటకుప్పనుండి అమ్మోనియా అను ఆవిరి లేచిపోవుటచే ఎరువు సారము తగ్గును. కుప్పపై జిప్సము చల్లినచో ఆ సారము నిలుచునని జర్మనీ రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగు చెప్పియుండెను. ఇది నిజమో కాదో పండితులు గదిలో కూర్చుండి వాదించుటకంటె, అనేకులైన రైతులు ఒకే సంవత్సరమున, ఒకే పద్ధతిని, తమతమ పొలములలో పరీక్షించి లెక్కలు పంపుట మేలని హెన్‌స్లో కోరెను. జిప్సము చల్లిన యెరువు కొంతచోట, చల్లని యెరువు ప్రక్కనే కొంతచోట వేయవలయును. ఏలయనగా ఒకరి చేనిలో పంట పెరిగినచో అది యెరువు మహిమయో, నేల మహిమయో, వాన మహిమయో చెప్పజాలము. పలువురి చేలలో పోల్చిచూచినపుడే నిజము తేలును. ఇది సహకారమునకు ఎంత తగిన పని యో సంఘసభ్యులు గమనింపవలయును.

ఆ సంవత్సరప్రాంతముననే అతడు సముద్రతీరమున ఫెలిక్‌స్టో అనుచోట నేలలో దొరకు గట్టి గడ్డలను పరీక్షించి, వానిలో భాస్వరము సమృద్ధిగా కలదని గుర్తించి, ఎరువుగా వాడవచ్చునని ప్రకటించెను. తరువాత సఫోకు, కేంబ్రిడ్జి సీమలలో ఆ గడ్డలను త్రవ్వి సూపరుఫాస్ఫేటు చేయు పరిశ్రమ పెద్దదయ్యెను. పలువురు దానివలన ధనవంతులైరి. హెన్‌స్లో మాత్రము దానివలన తనకు లాభము కోరలేదు.

1845లో బంగాళాదుంపకు మాడుతెగులు వచ్చి యూరపునందంతటను పంట కుళ్లిపోయెను. హెన్‌స్లో కుళ్లిన దుంపలనుండియు పిండిని వేఱుచేసి తినుటకు వాడుకొనవచ్చునని బీదలకు చూపెను. కాని ప్రక్కనున్న ఐర్లండున బీదజనమంతయు ఆ దుంపపైననే, అందును ముఖ్యముగా ఒక్కరకముపైననే, జీవించుచుండెను. దుంప నాటి పెంచుదురు గనుక ఆ రకపు మొక్కలన్నియు ఒకే మొక్క ముక్కలవంటివి. ఒకదానికి సోకినది అన్నిటికిని సోకెను. దానికి పాలకుల యుపేక్షయు తోడయ్యెను. అయిదాఱేండ్లలో సుమారు పదిలక్షలమంది మరణించిరి, అంతకు తక్కువకాని జనము దేశము విడిచిపోయిరి. ఒకే పంట, ఒకే రకము అను పందెమెంత యపాయకరమో దీనికంటె ఘోరమైన సాక్ష్యము వ్యవసాయచరిత్రలో అరుదు.

1854లో హెన్‌స్లో తన పల్లెవారిని రెండువందలకు పైగా రైలులో కేంబ్రిడ్జికి తీసికొనిపోయి, కళాశాలలతోపాటు ఈ తోటను చూపెను. తమ ఊరి గట్టుమీది మొక్కయే విశ్వవిద్యాలయపు మడిలో చీటీతో నిలిచియుండుట ఆ జనము చూచిరి. విద్య తమకు సంబంధించినదేయని వారికి తోచుటకు ఇంతకంటె మంచి యుపాయము లేదు.

త్రుప్పుతెగులునుండి ఎండాకుతెగులువరకు

హెన్‌స్లో గోధుమతెగుళ్లను గూర్చియు పరిశోధించెను. కాని వానికి తగిన మందు ఆ కాలమున లేకుండెను. 1861లో అతడు మరణించిన తరువాత నలుబదియేండ్లకు, 1900లో, మెండలు అను నతని వంశానుక్రమసూత్రములు మరల వెలుగులోనికి వచ్చినవి. కేంబ్రిడ్జిలో విలియము బేట్సను వానిని లోకమునకు చాటెను. ఈడిత్ సాండర్సు అను విదుషీమణి ఈ తోటయందే పూలమొక్కలను సంకరముచేసి పరీక్షించెను. తోటకు వెలుపల విశ్వవిద్యాలయపు పొలములలో రోలండు బిఫిను అను నతడు ఆ సూత్రమును గోధుమకు పట్టించెను.

అతని ప్రయోగము మన రైతులకు సులభముగా తెలియగలదు. పసుపుత్రుప్పునకు లోబడు గోధుమను, దానిని తట్టుకొను గోధుమతో సంకరము చేసెను. మొదటితరమున మొక్కలన్నియు తెగులునకు లోబడినవి. ఓపికలేనివాడు ఇచటనే పనిని విడిచియుండును. బిఫిను ఆ గింజలను మరల విత్తెను. రెండవతరమున నాల్గింట మూడుపాళ్లు తెగులుబారి పడినవి, ఒకపాలు తట్టుకొని నిలిచినవి. దాగియున్న గుణము మరల బయటపడెనన్నమాట. 1905లో ఈ ఫలితములను ప్రకటించి, 1910లో లిటిల్ జాసు అను త్రుప్పును తట్టుకొను గోధుమను రైతులకిచ్చెను. 1912లో అచట సస్యప్రజననాలయము, 1919లో విత్తనపరీక్షకై జాతీయసంస్థయు స్థాపింపబడెను.

సంకరవిత్తనపు పంటను దాచి మరల విత్తినచో చేను ఏల చెదరిపోవునో ఈ మూడుపాళ్లు, ఒకపాలు లెక్కయే చెప్పును. మొదటితరమున ఒక్కతీరుగా నున్నది రెండవతరమున విడిపోవును. సంకరముకాని స్థిరమైన రకముల విత్తనమును మాత్రము రైతు శుభ్రముగా ఎంపికచేసి దాచుకొనవచ్చును.

ఈ విద్య మన వరిచేనికిని వచ్చినది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి రుచికి పేరుపొందినది, కాని ఎండాకుతెగులునకు లోబడునది. హైదరాబాదునందలి వరి పరిశోధనాలయమువారును, కణజీవశాస్త్ర కేంద్రమువారును కలసి, దానిలో తెగులును తట్టుకొను మూడు జన్యువులను చేర్చి, 2008లో మెఱుగుపఱచిన సాంబమసూరిని విడుదల చేసిరి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాఖండమున మాలిదేశపు అడవివరినుండి వచ్చినది. తినుటకు పనికిరాని గడ్డియని ఆ అడవివరిని లోకము పారవేసియున్నచో, ఆ రక్షణ మనకు దొరకకపోయెడిది. ఫలమీయని తోట యేల యను ప్రశ్నకు ఇదియే సమాధానము.

మన సంఘములు చేయదగిన పనులు

కేంబ్రిడ్జికి పోవుట మనలో అందఱకు సాధ్యము కాదు. కాని ఆ తోట నేర్పు పనులకు ఓడ యెక్కనక్కరలేదు.

మొదటిది : ఏటికొకసారి సభ్యులు బృందముగా సమీప వ్యవసాయకళాశాలనో, పరిశోధనస్థానమునో, కృషివిజ్ఞానకేంద్రమునో పైరు నిలిచియున్న కాలమున దర్శింపవలయును. 1972లో స్థాపింపబడిన పటాన్‌చెరువు అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాలయమున జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మున్నగువాని రకములు లక్షకు మించి భద్రపరుపబడియున్నవి. మన తాతలు విత్తిన గింజలును వానిలో నున్నవి.

రెండవది : క్రొత్తవిత్తనముగాని, ఎరువుగాని వచ్చినప్పుడు పదిమంది సభ్యులు ఒకే పద్ధతిని, తలకు అయిదు సెంట్లలో పరీక్షించి, ప్రక్కనే పాతపద్ధతి పైరును ఉంచి, తూచి, లెక్కలను సంఘపు పుస్తకమున వ్రాయవలయును. అంగడివాని మాటకంటె ఆ పుస్తకము విలువైనది.

మూడవది : సంఘకార్యాలయమున వానకొలత పాత్ర నొకదాని నుంచి, ప్రతిదినము ఒకే వేళకు కొలిచి వ్రాయు పనిని ఒకరికి ఒప్పగింపవలయును. బడిపిల్లలు దీనికి మిక్కిలి తగినవారు.

నాల్గవది : గ్రామములో మిగిలిన పాతరకముల విత్తనములను పేరు, చేనిరకము, పంటకాలము వ్రాసిన చీటీలతో సేకరించి, కొలదిగనైనను ఏటేట విత్తి నిలుపుకొనవలయును. 2001నాటి మొక్కరకముల రక్షణ, రైతుహక్కుల చట్టము ప్రకారము రైతులు తమ రకములను నమోదు చేయించుకొనుటకు వీలున్నది. పేరులేని విత్తనము ఎవరిదైనను కావచ్చును, చీటీయున్న విత్తనము మనదని చెప్పుకొనవచ్చును.

ఈ నాలుగింటిలో దేనికిని పెద్దధనము అక్కరలేదు. రాబోవు సర్వసభ్యసమావేశమున కార్యనిర్వాహకులు వీనిని చర్చకు పెట్టి, తొలకరికి ముందుగా కనీసము ఒకదానినైనను ప్రారంభింతురుగాక.